గర్భిణికి నడక కూడదా?

గర్భవతి అయిన స్త్రీకి మన ఇండ్లలో ఎన్నడూ కొరత పడనిది సలహా ఒక్కటే. అత్తగారు ఒకటి చెపుతారు, కన్నతల్లి మరొకటి చెపుతుంది, ఇరుగుపొరుగువారు ఆ రెంటినీ కాదని మూడవది చెపుతారు. "నీవిప్పుడు ఒక్కదానివి కావు, ఇద్దరికి సరిపడా తినాలి" అనేది ఒక మాట. "ఎక్కువ తింటే బిడ్డ లావై కాన్పు కష్టమవుతుంది, చూసుకొని తిను" అనేది దానికి పూర్తిగా విరుద్ధమైన మాట. ఈ రెండు మాటలూ ఒకే ఇంట్లో, ఒకే వారంలో, ఒక్కొక్కప్పుడు ఒకే నోట వినబడడం కద్దు. కదలిక విషయంలోనూ ఇదే పరిస్థితి. మెట్లెక్కవద్దనీ, వంగవద్దనీ, గడప దాటవద్దనీ కొందరంటారు. "మేము నెలలు నిండేదాకా తిరగలి విసిరాము, బావిలో నీళ్లు తోడాము, మాకేమైంది?" అని మరికొందరంటారు. ఈ పరస్పర విరుద్ధ శాసనాల నడుమ ఆ అమ్మాయి చివరకు చేసేదేమంటే, మంచం మీద కూర్చొని ఎవరు ఎక్కువ గట్టిగా చెప్పారో వారి మాట వినడం.

కళాశాల వార్షిక సంచికలో ఇటువంటి విషయం ఎందుకని కొందరికి సందేహం కలగవచ్చు. ఉర్దూ భాగంలో గజళ్లు, తెలుగు భాగంలో గేయాలు, నడుమ ప్రిన్సిపాల్‌గారి నివేదిక, జాతీయ సమైక్యతపై రెండు వ్యాసాలు: ఇది మనకు అలవాటైన క్రమం. ఆ క్రమాన్ని నేను ఆక్షేపించడం లేదు. కాని మన విద్యార్థినులలో డిగ్రీ పట్టా చేతికి రాకముందే వివాహమయ్యేవారు కొద్దిమంది కారు. వారిలో కొందరు గర్భవతులుగానే పరీక్షలకు వస్తున్నారు, కొందరు గర్భవతులైన కారణంగానే పరీక్షలకు రావడం మానివేస్తున్నారు. మిగిలినవారికి ఇంట్లో వదినలున్నారు, అక్కలున్నారు. విద్యార్థులు సైతం నాలుగైదేళ్లలో భర్తలయ్యేవారే. కనుక ఈ విషయం వైద్యుల గదికే పరిమితమైనది కాదని నా అభిప్రాయం.

ముందుగా తూకం సంగతి. గర్భధారణలో బరువు పెరగడం సహజమని అందరికీ తెలిసినదే. ఎంత పెరగాలన్న ప్రశ్నకు మాత్రం అందరికీ వర్తించే ఒకే సమాధానం లేదు, అది గర్భానికి పూర్వం ఆ స్త్రీ శరీర స్థితిని బట్టి ఉంటుంది. అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 2009లో సవరించి ప్రకటించిన కొలతలను ప్రపంచమంతటా వైద్యులు ఆధారంగా తీసుకుంటున్నారు. కిలోగ్రాములలోని బరువును, మీటర్లలోని ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే సంఖ్యను శరీర సూచిక అంటారు. గర్భానికి ముందు అది 18.5 కంటె తక్కువగా ఉన్న స్త్రీ 12.5 మొదలు 18 కిలోల వరకు, 18.5కు 24.9కి మధ్య ఉన్నామె 11.5 మొదలు 16 కిలోల వరకు, 25కు 29.9కి మధ్య ఉన్నామె 7 మొదలు 11.5 కిలోల వరకు, 30 దాటినామె 5 మొదలు 9 కిలోల వరకు పెరగడం మంచిదని ఆ సిఫార్సు. 152 సెంటీమీటర్ల ఎత్తున్న ముగ్గురు తోడికోడళ్లను ఊహించుకోండి. ఒకరి బరువు 42 కిలోలు, ఒకరిది 50, ఒకరిది 62. వారి సూచికలు వరుసగా 18.2, 21.6, 26.8 అవుతాయి. ఒకే ఇంట్లో, ఒకే వంట తింటున్న ఈ ముగ్గురికీ మూడు వేర్వేరు లెక్కలు వర్తిస్తాయి. అత్తగారు ముగ్గురికీ ఒకే మాట చెప్పడంలోనే పొరపాటంతా ఉన్నది.

ఈ కొలతలు ప్రధానంగా అమెరికా స్త్రీల వివరాల నుండి తీసినవి. మన దేశంలో సూచిక 23 దాటితేనే అధిక బరువుగా భావించాలని భారతీయ వైద్యనిపుణులు 2009లో ఒక అంగీకారానికి వచ్చారు. కాబట్టి పై అంకెలు శిలాశాసనాలు కావు, డాక్టరుగారితో మాట్లాడేటప్పుడు చేతిలో ఉండవలసిన కొలబద్ద మాత్రమే.

పెరిగిన ఆ బరువంతా కొవ్వేనన్న అపోహ మన చదువుకున్న అమ్మాయిలలోనూ ఉన్నది. సుమారు మూడు కిలోలు బిడ్డది. మాయ, ఉమ్మనీరు, పెరిగిన గర్భాశయం కలిసి రెండున్నర కిలోలకు పైబడి ఉంటాయి. తల్లి శరీరంలో రక్తం పరిమాణం మునుపటికన్న 40 నుండి 50 శాతం దాకా పెరుగుతుంది, దాని బరువొకటి. కణజాలాలలో నిలిచే నీరు, పాలివ్వడానికి సిద్ధమయ్యే వక్షోజాల పెరుగుదల, ఆపైన మూడు నాలుగు కిలోల కొవ్వు నిల్వ. ఆ కొవ్వు సైతం వృథా కాదు, కాన్పు తరువాత పాలుగా మారేది అదే. ఇది తెలియక, చేతిలోని ఫోనులో సినీ తారలు కాన్పయిన కొద్ది వారాలకే నాజూకుగా కనబడే చిత్రాలు చూసి, గర్భంతో ఉండగానే అన్నం మానివేసే అమ్మాయిలు తయారవుతున్నారు. పూర్వం పెద్ద బిడ్డ పుడుతుందన్న భయంతో కడుపు మాడ్చుకొనేవారు, నేడు నడుము పోతుందన్న భయంతో మాడ్చుకొంటున్నారు. కారణం మారింది, పస్తు మారలేదు.

ఈ పస్తు ఫలితమేమిటో చరిత్ర చెప్పింది. 1944-45 శీతకాలంలో హాలండు పశ్చిమ భాగంలో నాజీల దిగ్బంధం వల్ల కరవు వచ్చినప్పుడు తల్లి గర్భంలో ఉన్న శిశువులను శాస్త్రజ్ఞులు దశాబ్దాల తరబడి పరిశీలించారు. ఆ బిడ్డలు పెరిగి పెద్దవారైన తరువాత వారిలో కొందరికి మధుమేహం, గుండెజబ్బుల వంటి బాధలు హెచ్చుగా కనబడినాయి. మన దేశంలో పుణె నగరంలో డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం జరిపిన పరిశోధన మరింత ఆలోచింపజేస్తుంది. మన శిశువులు ఇంగ్లండు శిశువులకన్న చిన్నవారుగా పుడతారు, కాని కండ తగ్గినంతగా కొవ్వు తగ్గదు. చూపుకు సన్నని బిడ్డ, లోపల కొవ్వు. పెద్దయ్యాక మధుమేహానికి పునాది అక్కడే పడుతున్నదని ఆ బృందం వాదన. తల్లి అర్ధాకలి బిడ్డను సన్నగా చేయవచ్చు, ఆరోగ్యవంతుణ్ణి చేయదు.

అట్లని ఇద్దరి తిండి ఒకరు తినాలన్న మాటా నిజం కాదు. మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో సవరించిన ప్రమాణాల ప్రకారం గర్భిణికి రోజుకు అదనంగా కావలసినది 350 కిలోకేలరీలు. అంటే ఒక గ్లాసు పాలు, ఒక అరటిపండు, ఒక జొన్నరొట్టె. ఇంకొక మనిషి తిండి కాదది, ఇంకొక చిన్న పూట. ఆ పూట కూడా బిర్యానీతో, మిఠాయితో నిండితే ప్రయోజనం లేదు. అందులో పప్పు, ఆకుకూర, గుడ్డు ఉండాలి.

మన రెండు తెలుగు రాష్ట్రాలలో ఈ రెండు రకాల సమస్యలూ ప్రక్కప్రక్కనే ఉన్నాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుండి 49 ఏండ్ల లోపు స్త్రీలలో 18.8 శాతం మంది ఉండవలసిన దానికన్న తక్కువ బరువులో ఉండగా, 30.1 శాతం మంది అధిక బరువులో ఉన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో ఈ అంకెలు వరుసగా 14.8, 36.3 శాతం. బక్కపలచని కోడలికి, బొద్దుగా ఉన్న కోడలికి ఒకే ఉపదేశం చేయరాదనడానికి ఇంతకంటె సాక్ష్యమక్కరలేదు.

ఇక కదలిక మాట. గర్భిణి కదిలితే గర్భం నిలవదన్న భయం మన ఇండ్లలోనే కాదు, ఒకప్పుడు వైద్యశాస్త్రంలోనూ ఉండేది. అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం 1985లో ఇచ్చిన సలహాలో, వ్యాయామం చేసే గర్భిణి నాడి నిమిషానికి 140 దాటరాదనీ, శ్రమతో కూడిన వ్యాయామం 15 నిమిషాలకు మించరాదనీ ఉన్నది. పరిశీలనలు పెరిగిన కొద్దీ ఆ గట్టి హద్దులకు ఆధారం చాలదని తేలి, 1994లో అదే సంఘం వాటిని తొలగించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ప్రకటించిన మార్గదర్శకాలలో, ఏ చిక్కులూ లేని గర్భిణి వారానికి కనీసం 150 నిమిషాలు ఒక మోస్తరు వ్యాయామం చేయడం మేలని స్పష్టంగా చెప్పారు. ఆరోగ్యవంతమైన గర్భంలో మితమైన వ్యాయామం వల్ల గర్భస్రావాలుగాని, నెలలు నిండని కాన్పులుగాని హెచ్చవని నేడు వైద్యలోకం అంగీకరించిన విషయం. తొలి నెలలలో జరిగే గర్భస్రావాలలో చాలవాటికి మూలం పిండంలోని క్రోమోజోముల లోపమే. మెట్టెక్కినందుకో, బిందె వంచినందుకో గర్భం పోయిందని కోడలిని నిందించడం అన్యాయమని మన పెద్దలు గ్రహించాలి.

అయితే ఇక్కడొక చిక్కు ఉన్నది. "వ్యాయామం" అనే మాట వినగానే అది తీరిక గల ఇండ్ల వ్యవహారంగా మనకు తోస్తుంది. "ఇల్లూడ్చి, అంట్లు తోమి, బట్టలుతికే ఆడదానికి వేరే కసరత్తు ఎందుకు?" అన్న ప్రశ్న న్యాయమైనదే. దానికి సమాధానం ఆ స్త్రీ చేసే పనిని బట్టి ఉంటుంది.

నిజామాబాదు, జగిత్యాల, కరీంనగర్ ప్రాంతాలలో బీడీలు చుట్టే స్త్రీలను చూడండి. వారిలో ముస్లిం కుటుంబాల వారున్నారు, పద్మశాలి కుటుంబాల వారున్నారు, ఇంకెందరో ఉన్నారు. ఒడిలో చాట పెట్టుకొని, మెడ వంచి, మోకాళ్లు ముడిచి, ఉదయం మొదలుపెడితే వేయి బీడీలు చుట్టేసరికి పొద్దు వాలుతుంది. చేతివ్రేళ్లు తప్ప శరీరంలో మరేదీ కదలదు. ఆమె రోజంతా కష్టపడిందనడంలో సందేహం లేదు, కాని ఆమె కాళ్లలో రక్తం రోజంతా నిలిచిపోయింది. పైగా పొగాకు ధూళి. పాతబస్తీలో కార్చోబ్ ముందు కూర్చొని జరీ పని చేసే అమ్మాయిల స్థితీ అంతే. వీరికి విశ్రాంతి తీసుకో అని చెప్పితే చాలదు, లేచి నడువు అనీ చెప్పాలి. గంటకొకసారి చాట దింపి అయిదు నిమిషాలు వాకిట్లో నడిస్తే నడుమునొప్పి, కాళ్లవాపు తగ్గుతాయి. ఆ అయిదు నిమిషాలలో తగ్గే బీడీల కూలి ఎవరిస్తారన్నది వేరే ప్రశ్న. దానికి నావద్ద సమాధానం లేదు, బీడీ కంపెనీల వద్ద ఉండవలసినది.

దీనికి పూర్తిగా భిన్నమైనది వరినాట్లకు పోయే స్త్రీ సంగతి, ఇంటి మోపుకు దూరం నుండి నీళ్లు మోసే స్త్రీ సంగతి. పుణె పరిసర గ్రామాలలో జరిగిన అదే పరిశోధనలో, గర్భంతో ఉండి పొలంపనీ, నీళ్ల మోతా అధికంగా చేసిన తల్లుల బిడ్డలు చిన్నవారుగా పుట్టినట్లు 2003లో వెల్లడైనది. చాలని తిండితో అతి శ్రమ చేసే తల్లికి వ్యాయామం బోధించడం క్రూరత్వమే. ఆమెకు కావలసినది పగటిపూట రెండు గంటలు పడుకొనే అవకాశం, అంగన్‌వాడీలో ఒక పూట భోజనం, పాలు, గుడ్డు. తెలంగాణలో 2015 జనవరి నుండి ఆరోగ్యలక్ష్మి పేరున ప్రవేశపెట్టిన భోజన పథకం ఉద్దేశం ఇదే. ఆ భోజనాన్ని ఇంటికి తెచ్చి అందరికీ పంచకుండా ఆమె ఒక్కతే తినగలిగితే అదే పెద్ద వైద్యం.

మూడవ వర్గం మన మధ్యతరగతి ఇల్లు. ఇక్కడ తిరగలి పోయి మిక్సీ వచ్చింది, బావి పోయి కొళాయి వచ్చింది, బట్టల మూటకు యంత్రం వచ్చింది. ఏడవ నెలలో సత్వాసా వేడుకయో, సీమంతమో జరిపి అమ్మాయిని పుట్టింటికి తీసుకొని వెళతారు. పుట్టింటివారి ప్రేమకు హద్దుండదు, కూతురిని కాలు కదపనివ్వరు. కోరినదల్లా వండి పెడతారు. కాళ్ల వాపు, మలబద్ధకం, రక్తంలో చక్కెర పెరగడం వంటివన్నీ ముదిరే చివరి మూడు నెలలూ ఆమె దివానుకు ఆనుకొని కూర్చొని గడుపుతున్నది. ఈ వ్యాసం ముఖ్యంగా ఆ ఇండ్ల కోసం.

ఉర్దూలో చహల్ ఖద్మీ అని ఒక చక్కని మాట ఉన్నది. చహల్ అంటే నలభై, ఖదమ్ అంటే అడుగు. రాత్రి భోజనమయ్యాక పెద్దలు వసారాలో అటూ ఇటూ పచార్లు చేయడానికి ఆ పేరు. భోజనానంతరం నూరడుగులు నడవమని మన సంస్కృత పండితులూ చెప్పారు. నలభైయో, నూరో, అంకె మీద తగవు అనవసరం. విశేషమేమంటే, ఈ పాత అలవాటుకు నేడు గర్భిణుల వైద్యంలో ఒక ముఖ్యమైన స్థానం లభించింది. గర్భధారణలో మాయ నుండి వెలువడే హార్మోన్లు తల్లి శరీరంలో ఇన్సులిన్ పనిని మందగింపజేస్తాయి. ఎందరిలోనో తాత్కాలికంగా మధుమేహం తలెత్తుతుంది. కడుపులో బిడ్డకు చక్కెర అధికంగా అంది అతిగా పెరగడం, కాన్పు కష్టం కావడం, పుట్టిన వెంటనే బిడ్డ రక్తంలో చక్కెర పడిపోవడం దాని పర్యవసానాలు. పెద్ద బిడ్డ పుడుతుందని మన అవ్వలు భయపడిన భయంలో ఈ కొంత నిజమున్నది, కాని దానికి మందు పస్తు కాదు. భోజనం చేసిన తరువాత పది పదిహేను నిమిషాలు మెల్లగా నడిస్తే పని చేసే కాళ్ల కండరాలు రక్తంలోని చక్కెరను తామే వాడుకొంటాయి. మూడు పూటలా ఇట్లా నడిస్తే రోజుకు అరగంట దాటుతుంది, వారపు 150 నిమిషాల లెక్కా తీరుతుంది. దీనికి ప్రత్యేక వస్త్రాలు వద్దు, రుసుము వద్దు, వీధిలోకి రావలసిన అవసరమూ లేదు. మిద్దెకు పిట్టగోడ ఉంటే మిద్దె మీద, లేకుంటే వసారాలో.

మధుమేహ పరీక్ష గురించి ఒక మాట. 75 గ్రాముల గ్లూకోజు నీళ్లలో కలిపి త్రాగించి, రెండు గంటల తరువాత రక్తం పరీక్షిస్తారు. చక్కెర 140 మిల్లీగ్రాములు లేక అంతకు మించితే గర్భధారణ మధుమేహంగా పరిగణిస్తారు. చెన్నై వైద్యుడు డాక్టర్ వి. శేషయ్య ప్రచారంలోకి తెచ్చిన ఈ పద్ధతిలో పరగడుపున రావలసిన నిర్బంధం లేదు. దూరం నుండి బస్సెక్కి వచ్చే గర్భిణికి అదెంత సౌకర్యమో చెప్పనక్కరలేదు. మొదటిసారి ఆసుపత్రికి వెళ్లినప్పుడు ఒకసారి, తిరిగి 24, 28 వారాల మధ్య ఒకసారి ఈ పరీక్ష జరగాలని కేంద్ర ఆరోగ్యశాఖ మార్గదర్శకాలలో ఉన్నది. అడిగి చేయించుకోవాలి.

నడక ఎట్లా ఉండాలన్న దానిపై పెద్ద గ్రంథమేమీ అక్కరలేదు. నడుస్తూ ప్రక్కవారితో మాట్లాడగలగాలి, మాటకు ఊపిరి అందకపోతే వేగం తగ్గించాలి. ఎన్నడూ నడవనివారు పది నిమిషాలతో మొదలుపెట్టాలి. గర్భంలో కీళ్లబంధాలు సడలుతాయి, పొట్ట ముందుకు వచ్చి శరీరపు తూకం మారుతుంది, కనుక ఎత్తుమడమల చెప్పులు, దూకడాలు, పడిపోయే ప్రమాదమున్న ఆటలు వద్దు. అయిదవ నెల దాటాక వెల్లకిల పడుకొని చేసే వ్యాయామాలు మంచివి కావు, పెరిగిన గర్భాశయం బరువు గుండెకు రక్తాన్ని చేర్చే పెద్ద సిరను అదిమి కళ్లు తిరిగేలా చేస్తుంది. మన ఎండలలో, ముఖ్యంగా ఏప్రిల్, మే నెలల్లో, తెల్లవారుజామున గాని పొద్దు క్రుంకాక గాని నడవాలి. మూత్రాన్ని ఆపుకొనేటప్పుడు బిగించే కండరాలను రోజూ కొద్దిసేపు బిగించి వదలడం అలవరచుకొంటే, కాన్పు తరువాత దగ్గినా తుమ్మినా మూత్రం జారే బాధ తగ్గుతుంది. సిగ్గుతో ఎవరూ చెప్పని ఈ బాధ మన తల్లులలో ఎందరికున్నదో వారికే తెలుసు.

నడక అందరికీ కాదు. మాయ క్రిందికి ఉన్నవారు, గర్భాశయ ముఖం బలహీనమై కుట్టు వేయించుకొన్నవారు, గర్భంతో రక్తపు పోటు వచ్చినవారు, గుండెజబ్బున్నవారు, తీవ్ర రక్తహీనత గలవారు డాక్టరు అనుమతి లేకుండా వ్యాయామం జోలికి పోరాదు. పైన చెప్పిన సర్వేలోనే దేశంలోని గర్భిణులలో 52.2 శాతం మందికి రక్తహీనత ఉన్నట్లు తేలింది. హీమోగ్లోబిన్ 11కు తగ్గితే అది రక్తహీనత, 7కు తగ్గితే తీవ్రమైనది. అటువంటి అమ్మాయికి ముందు ఇనుము మాత్రలు, తరువాతనే నడక. రక్తం కనబడినా, ఉమ్మనీరు పోయినా, ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, ఒక కాలి పిక్కలో వాపూ నొప్పీ, ఆగి ఆగి వచ్చే నొప్పులు ఉన్నా తక్షణం ఆపి ఆసుపత్రికి వెళ్లాలి. ఒక్క వారంలో హఠాత్తుగా బరువు పెరిగి ముఖం, చేతులు ఉబ్బితే అది తిండి బలం కాదు, రక్తపు పోటు హెచ్చరిక కావచ్చును. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రులలో గర్భిణులకు ఉచిత పరీక్షలు 2016 నుండి జరుగుతున్నాయి. అక్కడిచ్చే మాతా శిశు సంరక్షణ కార్డులో బరువు వ్రాసే గడి ఉన్నది. ఆ గడి ఖాళీగా ఉంటే నర్సమ్మను అడిగి నింపించుకోవాలి.

నడిస్తే సుఖప్రసవం తప్పదని కొందరు వాగ్దానం చేస్తున్నారు. నేనంత దూరం పోలేను. ఆహార నియమం, వ్యాయామం వల్ల అతిగా బరువు పెరిగే అవకాశం సగటున 20 శాతం తగ్గుతుందని 2015లో కాక్రేన్ సమీక్ష తేల్చింది. దానితోనే ఆపరేషన్ తప్పిపోతుందనుకోవడం అమాయకత్వం. తెలంగాణలో 60.7 శాతం కాన్పులు ఆపరేషన్ ద్వారానే జరిగినట్లు 2019-21 సర్వే తెలిపింది, జాతీయ సగటు 21.5 శాతం. మన స్త్రీలు నడవనందువల్ల మాత్రమే ఆ అంకె అంతకు పెరిగిందని నేను నమ్మను.

మతం, ఆచారం అడ్డు వస్తాయన్న ఆక్షేపణకు ఆధారం లేదు. మన యునానీ వైద్యం ఆరోగ్యానికి మూలమని చెప్పే ఆరు అంశాలలో శరీరపు హర్కత్, సుకూన్, అనగా కదలిక, విశ్రాంతి జంటగా ఒకటి. ఆయుర్వేద గ్రంథాలు గర్భిణికి వద్దన్నది అతిశ్రమను, బరువులు మోయడాన్ని. గర్భిణికి, పాలిచ్చే తల్లికి రంజాన్ ఉపవాసం నుండి, కష్టమైనప్పుడు నిలబడి నమాజు చేయడం నుండి ధర్మం సడలింపు ఇచ్చింది. ఆ సడలింపును కుటుంబాలు మనస్ఫూర్తిగా ఇవ్వాలి. ఎవరో చూస్తారన్న మొహమాటంతో ఎండాకాలంలో నీళ్లు త్రాగని గర్భిణులున్నారు. బుర్ఖా నడకకు అడ్డమని వెలుపలివారు అంటూ ఉంటారు, అదీ సరికాదు. అసలు అడ్డం చోటు లేకపోవడం. మన గల్లీలలో మోటారు సైకిళ్ల నడుమ ఎనిమిదో నెల గర్భిణి ఎక్కడ నడవగలదు? పార్కు ఉన్నా అది మగవారి పేకాటకు స్థావరం. భార్యను నడవమని ఉపదేశించే భర్త, సాయంత్రం హోటలు బల్ల వదలి ఆమె వెంట అరగంట నడిస్తే ఈ చిక్కులో సగం తీరుతుంది. చదువుకొన్న మన యువకులైనా ఇది నామోషీగా భావించరని ఆశిస్తాను.

ఇక మన కళాశాల కార్యవర్గానికి నా మనవి. చదువు మధ్యలో తల్లి కాబోయే విద్యార్థినులకు హాజరులో సడలింపు ఇచ్చేలా నియమాలు చేసుకోవాలని విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2021 డిసెంబరులో అన్ని విశ్వవిద్యాలయాలనూ కోరింది. ఆ సడలింపు మన నోటీసు బోర్డు మీద స్పష్టంగా కనబడాలి. తెలియనందువల్లనే కొందరు అడగలేక చదువు మానుకొంటున్నారు. గర్భవతి అయిన విద్యార్థిని ఉన్న తరగతిని ఆ ఒక్క ఏడాదికి మేడ మీది గది నుండి క్రింది గదికి మార్చడం టైం టేబుల్ వేసేవారికి పది నిమిషాల పని. మెట్లు ఎక్కడం ప్రమాదమని కాదు, చివరి నెలలలో రోజుకు ఆరుసార్లు ఎక్కి దిగడం ఆయాసం కనుక. విద్యార్థినుల విశ్రాంతి గదిలో ఒక బరువు తూచే యంత్రం, ఏడాదికి రెండుసార్లు ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి నుండి ఒక డాక్టరమ్మ ఉపన్యాసం, ఆ ఉపన్యాసం ఉర్దూలోనూ తెలుగులోనూ.

అన్నిటికన్న ముఖ్యమైనది మైదానం. సాయంత్రం 4 గంటలకు కళాశాల ముగియగానే గేటుకు తాళం పడుతున్నది. చుట్టూ ప్రహరీ ఉన్నది, వేపచెట్ల నీడ ఉన్నది, వాహనాల భయం లేదు. మన పేటలో స్త్రీలు నిశ్చింతగా నడవదగిన చోటు ఇంతకన్న మరొకటి నాకు కనబడలేదు. 5 గంటల నుండి 6 గంటల వరకు, వారానికి అయిదు రోజులు, విద్యార్థినులకూ పేటలోని స్త్రీలకూ మాత్రమే ఆ మైదానాన్ని తెరిచి ఉంచాలని కోరుతున్నాను. దీనికి అయ్యే ఖర్చు వాచ్‌మన్‌కు ఒక గంట అదనపు వేతనం, నీడలో రెండు సిమెంటు బల్లలు, ఒక మంచినీళ్ల కుండ. భద్రత కోసం ఇద్దరు అధ్యాపికలు వంతులవారీగా ఉండడానికి సిద్ధంగా ఉన్నారు. వచ్చే కార్యవర్గ సమావేశపు విషయసూచికలో ఈ అంశాన్ని చేర్చవలసిందిగా కార్యదర్శిగారిని ప్రార్థిస్తున్నాను.